నికర బరువు

జిమ్ము పిల్లాడు వేళ్ళమీద లెక్క చెప్పాడు:
నువ్వెన్ని కిలోలో అన్ని గ్రాములక్కా, రోజూ.
యాభై ఎనిమిది.

కుందలహళ్ళి పీజీలో, మూడో అంతస్తు మంచం మీద
ఆ యాభై ఎనిమిదినీ వెతుక్కుంటూ కూర్చున్నాను.
పొద్దున ఇడ్లీ, అది గాలి.
మధ్యాహ్నం సాంబారు, అందులో పప్పు
ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయిన చుట్టం.
గోడౌన్ గేటు దగ్గర రెండు గుడ్లు, పన్నెండు.
గుప్పెడు పల్లీలు, ఏడు.
మిగతాదంతా బాకీ.

పొద్దస్తమానం పెట్టెలెత్తే చేతులివి.
రాత్రికి దువ్వెన కూడా బరువే.

చివరికి మా గోడౌన్‌లోనే,
పదిహేడో వరస, కింది అర,
పాస్తాకీ పిల్లి తిండికీ మధ్య
దొరికింది ఈ డబ్బా.
నికర బరువు నూట ఎనభై ఐదు.
నీళ్ళు వంపేస్తే నూట ముప్ఫై.
రెండొందల నలభై రూపాయలు,
పనిచేసేవాళ్ళకి పది శాతం తగ్గింపు.
మూత మీద నీలం సముద్రం, నవ్వుతున్న చేప.
నేను చూసిన ఏ చేపా నవ్వలేదు.

పేరు ట్యూనా అట.
మా భీమిలి రేవులో దీన్ని తూర అంటాం.
మా పెద్దమ్మ మస్సేనమ్మ
ముప్ఫై ఏళ్ళు గంప మోసింది,
తూరని మాత్రం గంపకెత్తలేదు.
"నల్ల కండే దానికి. రగతం కారతాది.
ఎవులు కొంతారు?"
వంజరం పక్కన, చందువా పక్కన
చోటు దొరకని చేప,
ఐసు లారీ ఎక్కి ఎటో పోయేది.
ఎటు పోయేదో ఇన్నాళ్ళకి తెలిసింది.

పాటలో పెద్దమ్మ ముందు మొప్ప ఎత్తి చూసేది.
ఎర్రగా ఉంటే బేరం, లేకపోతే తిట్టు.
ఈ డబ్బాకి మొప్ప లేదు, కన్ను లేదు.
అడుగున చుక్కలు చుక్కలుగా ఒక తారీఖు.
వచ్చే ఏడు ఆగస్టు దాకా ఇది మంచిదేనని
ఎవరో యంత్రం చేత ఒట్టు వేయించారు.

రింగు లాగితే
చిన్న నిట్టూర్పు.

పీజీలో నీచు నిషేధం. గోడ మీద మూడు భాషల్లో రాసుంది.
అందుకని మేడ మీద, నీళ్ళ ట్యాంకు వెనక,
ఉల్లిపాయ తరిగి, పచ్చిమిరప తుంపి, నిమ్మకాయ పిండి
చపాతీలో చుట్టుకుని
మా ఇంటి వృత్తిని దొంగతనంగా తింటాను.
రుచా?
ఎప్పుడో తిన్న చేపని కాగితం గుర్తు చేసుకున్నట్టు.
కానీ చివర్లో నాలిక మీద ఒక మూల
తెల్లారుజాము రేవు.
అదీ, ముప్ఫై గ్రాములూ.

సగం రేపటికి అనుకుంటాను ప్రతిసారీ.
రేపటికి ఎప్పుడూ మిగల్లేదు.

ఖాళీ డబ్బాని మూడుసార్లు సబ్బేసి కడిగి
పేపర్లో చుట్టి పొడిచెత్తలో దాస్తాను.
బుధవారం బండి వస్తుంది.
సుంకమ్మ, మడకశిర మనిషి, ముక్కుతోనే పట్టేసింది.
"చేపేనా పాపా? ఎంత?"
చెప్పాను.
"అయ్యో, ఆ దుడ్డుకి కోడే వస్తాది గదమ్మా!"
"వండుకోనియ్యరక్కా."
తలెత్తి మేడ కేసి ఒకసారి చూసింది.
"నువ్వేం తింటావు?" అన్నాను.
"ముద్ద. ఉలవల చారు. ఏముంటే అది."
నిండు డ్రమ్ముని రెండు చెవులూ పట్టి
ఒక్క ఊపున బండి మీదికి ఎత్తేసింది,
ఎవర్నీ గ్రాములు అడక్కుండా.

ఆ రాత్రి జిమ్ములో
డంబెల్ ఎత్తబోతే నవ్వొచ్చి కింద పెట్టేశాను.

మళ్ళీ పదిహేడో వరస.
ఈసారి రెండు తీసుకున్నాను.
బుధవారం ఒకటి ఆమె చేతిలో పెడితే
అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర ఊపి,
కొంగున ముడేసుకుంది.

పై బుధవారం బండి ఆగీ ఆగకముందే తీర్పు:
"చింతపండేసి పులుసు పెట్నా.
చేప యాడ పోయెనో కనపళ్ళేదు పాపా.
పులుసు మాత్రం బాగుండె."